ఓస్లో నుంచి బెర్గెన్‌కు: పటం మీద 305, పట్టాల మీద 496

మొదటి రోజు: ఓస్లో

రాత్రి భోజనాలయ్యాక మేనకోడలు బల్ల మీద నార్వే పటం పరిచింది. నేను స్కేలు అడిగి తీసుకుని ఓస్లో మీద ఒక కొస, బెర్గెన్ మీద ఇంకో కొస ఆనించి కొలిచాను. పటం అడుగున ఉన్న కొలతతో లెక్క కడితే 305 కిలోమీటర్లు తేలింది. మా విశాఖపట్నం నుంచి విజయవాడకు గీత గీసినా ఇంచుమించు అంతే వస్తుంది. అక్కడ రైలు దూరం 350. ఇక్కడ 496. గీతకూ పట్టాలకూ మధ్య నూట తొంభై కిలోమీటర్ల తేడా!

"అత్తా, విమానంలో యాభై నిమిషాలే. రైలుకు దాదాపు ఏడు గంటలు పడుతుంది. ఆలోచించుకో" అంది.

"వచ్చేటప్పుడు విమానంలో వద్దాం తల్లీ. వెళ్ళడం మాత్రం రైల్లోనే" అన్నాను. ఆ నూట తొంభై కిలోమీటర్లు ఎక్కడికి పోయాయో నా కళ్ళతో చూడాలి.

దానికి కారణం ఉంది. మా నాన్న కొత్తవలస–కిరండూల్ మార్గంలో కీమన్. బొర్రా గుహలకూ శిమిలిగుడకూ మధ్య ఘాట్‌లో ఆయన బీటు. తెల్లవారగానే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా సంచిలో వేసుకుని పట్టాల వెంట నడక మొదలుపెట్టేవారు. పట్టాలను పట్టి ఉంచే కీలు సడలితే కొట్టి బిగించడం, బోల్టులు తిప్పి చూడడం, వర్షాకాలంలో కొండమీది నుంచి రాయి జారిందేమో కనిపెట్టడం ఆయన పని. దూరాన్ని ఆయన స్లీపర్లతోనే, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచిన దిమ్మెలతోనే చెప్పేవారు. "ఆ మలుపు దాటాక నూటయాభై స్లీపర్లు నడిస్తే నీళ్ళ ఊట ఉంటుంది" అన్నట్టుగా. అందుకే ఏ దేశం వెళ్ళినా కొండ ఎక్కే రైలుంటే దాన్ని వదలబుద్ధి కాదు నాకు.

జులై మొదటి వారం. పది దాటినా కిటికీలో ఇంకా వెలుతురు ఉంది. పులిహోర కలిపి రెండు డబ్బాలకు సర్దాను.

రెండో రోజు: ఓస్లో నుంచి ఫిన్సే

ఉదయం ఎనిమిదిన్నర లోపే ఓస్లో సెంట్రల్ స్టేషన్ నుంచి రైలు కదిలింది. బెర్గెన్ ఉన్నది పడమర దిక్కున. రైలు మాత్రం నైరుతికి, డ్రామెన్ పట్టణం వైపు తిరిగింది. అక్కడి నుంచి ఉత్తరానికి మళ్ళి హోనెఫోస్ చేరేసరికి గంటన్నర గడిచింది. స్కేలుతో కొలిస్తే ఓస్లో నుంచి హోనెఫోస్ నలభై కిలోమీటర్లు. మేము వచ్చింది దాదాపు 125. నూట తొంభైలో ఎనభై అయిదు ఇక్కడే లెక్క తేలిపోయింది.

ఈ మెలిక సరిచేయాలన్న ఆలోచన ఇక్కడివాళ్ళకు చాలాకాలంగా ఉంది. ఓస్లో పక్కనున్న సాండ్‌వికా నుంచి హోనెఫోస్‌కు నేరుగా నలభై కిలోమీటర్ల కొత్త మార్గం వేస్తే బెర్గెన్ ప్రయాణం అరవై కిలోమీటర్లు, దాదాపు ఒక గంట తగ్గుతుందని లెక్క. దశాబ్దాలుగా ప్రణాళికల్లో నలుగుతోంది. ఓస్లోలో ఉద్యోగం చేస్తూ బెర్గెన్‌లో తల్లిదండ్రులున్న వాళ్ళకు ఆ గంట ఎంత విలువైనదో మేనకోడలు చెప్పింది. ఆమెతో పనిచేసేవాళ్ళలో అలాంటివాళ్ళు ఉన్నారట, పండగలకు విమానమే ఎక్కుతారట.

హోనెఫోస్ దాటాక రైలు నిజంగా పడమటి దారి పట్టింది. ఒక సొరంగం, దాని తర్వాత క్రోడెరెన్ సరస్సు. ఆపైన హాలింగ్‌డాల్ లోయ మొదలైంది. లోయ అడుగున నది, గట్టున గడ్డి కోసి ఆరబెట్టిన పొలాలు, ఎర్రరంగు వేసిన చెక్క కొట్టాలు. నది పైకి వెళ్తున్నకొద్దీ మేమూ పైకి. నెస్‌బీయెన్, గోల్, ఓల్. ఈ ఊళ్ళ పేర్లన్నీ పొట్టివే.

ఓల్ దగ్గర రైలు ఆగి, దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు ఎక్కినా కదలలేదు. నాకు వెంటనే అర్థమైంది. క్రాసింగ్! ఎదురు రైలు రావాలి. కొద్ది నిమిషాలకు అటునుంచి బెర్గెన్ రైలు వచ్చి పక్క లైనులో నిలిచింది, మాది కదిలింది. ఈ మార్గంలో చాలా భాగం ఇప్పటికీ సింగిల్ లైనే. విద్యుదీకరణ 1964లో పూర్తయింది కానీ రెండో లైను వేయడానికి ఈ కొండల్లో చోటెక్కడ? ఏడు గంటల్లో కొంత వంపులకు, కొంత ఎత్తుకు పోతే, మిగిలిన కొంత ఇలా ఒకరికోసం ఒకరు ఆగడానికి పోతుంది. శిమిలిగుడలో ఇనుప రాయి మోసే గూడ్స్ కోసం మా ప్యాసింజర్ ఆగినప్పుడు నాన్న ప్లాట్‌ఫారం మీదికి వచ్చి కిటికీలోంచి పనసతొనలు అందించేవారు. ఆ సంగతి మేనకోడలికి చెప్పాను. అది మా అన్నయ్య కూతురు, తాతగారిని చూడలేదు. పులిహోర డబ్బా మూత తీస్తూ, "తాతయ్య ఎంత దూరం నడిచేవారు?" అని అడిగింది. పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

యైలో 794 మీటర్ల ఎత్తున ఉంది. శీతాకాలంలో మంచు మీద జారే ఆటలకు పేరున్న ఊరు. అక్కడ చాలామంది దిగిపోయారు. హౌగాస్టోల్ చేరేసరికి ఎత్తు 988. మా శిమిలిగుడ 996. ఇంతవరకూ ఇంటి దగ్గరి ఎత్తే అనుకున్నాను. అక్కడ ఎత్తు అంతే అయినా అడవి ఉంటుంది, కాఫీతోటలు ఉంటాయి. ఇక్కడ హౌగాస్టోల్ దాటిన కొద్దిసేపటికి చెట్లే లేవు. బండలు, నాచు, నీళ్ళు, బండల నీడన కరగని మంచు. సన్నటి రేఖలా ఒక కాలిబాట మాత్రం పట్టాలను వదలకుండా పక్కనే వస్తోంది.

ఒంటిగంట ప్రాంతంలో ఫిన్సేలో దిగాం. 1222 మీటర్లు. నార్వే రైల్వేలో ఇంతకన్నా ఎత్తైన స్టేషను లేదు. ఈ ఊరికి మామూలు రోడ్డు కూడా లేదు. రైలే దిక్కు, లేదంటే కాళ్ళు, సైకిలు. రైలు వెళ్ళిపోగానే ఆవరించిన నిశ్శబ్దం ఇంతవరకూ నేనెక్కడా వినలేదు. సరస్సులో ఇంకా మంచు పలకలు తేలుతున్నాయి. అవతల హార్డాంగర్‌యోకులెన్ హిమానీనదం, గుండ్రటి తెల్లని వీపులా. 1914లో అంటార్కిటికా యాత్రకు ముందు ధ్రువ అన్వేషకుడు షాకిల్‌టన్ తన సామగ్రిని ఇక్కడే పరీక్షించారు. జులైలో ఈ గాలి చెవులు కొరుకుతుంటే ఆయన ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో అడగనక్కరలేదు.

సాయంత్రం ఆ కాలిబాట మీద నడిచాం. దాని పేరు రల్లార్‌వేగెన్. రైలుమార్గం వేసిన కూలీలను నార్వేలో రల్లార్ అంటారు. అంటే ఇది కూలీల బాట. రైలు వేయాలంటే ముందు పట్టాలు, సున్నం, మందుగుండు, తిండి పైకి చేర్చాలి కదా, అందుకోసం ఈ కొండమీద పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదట ఈ బండిబాట వేశారు. హౌగాస్టోల్ నుంచి ఫిన్సే, మిర్డాల్ మీదుగా కింద ఫ్లోమ్ దాకా ఎనభై కిలోమీటర్లు. ఇప్పుడు సైకిళ్ళవాళ్ళు పోటెత్తే దారి. మేము వెళ్ళేసరికి పడమటి వైపు ఇంకా మంచు కప్పి ఉంది. గంట నడిచాక ముందుకు పోలేకపోయాం.

ఆ దారిలోనే, ఇంకా పైకి వెళ్తే, ఫాగెర్‌నుట్ అనే చోట 1310 మీటర్ల ఎత్తున ఒక ఇల్లు ఉంది. పట్టాల కాపలాదారుడి క్వార్టరు. ఆ రోజుల్లో కుటుంబం అక్కడే ఉండేది. చలికాలమంతా మంచులో, పిల్లలతో, పట్టాలు చూసుకుంటూ. ఆ ఇంటి గుమ్మం తాకి రావాలని ఎంతో అనుకున్నాను. మంచు వెళ్ళనివ్వలేదు. వెనక్కి తిరిగినప్పుడు నిజంగా బాధ కలిగింది.

మూడో రోజు: ఫిన్సే, మిర్డాల్, ఫ్లోమ్

పొద్దున రల్లార్ మ్యూజియం చూశాం. స్టేషనుకు దగ్గర్లోనే. పాత ఛాయాచిత్రాల ముందు చాలాసేపు నిలబడ్డాను. పారలు పట్టుకుని వరుసగా నిలుచున్న మనుషులు. వాళ్ళ తలకన్నా రెండింతలు ఎత్తున మంచుగోడ, మధ్యలో ఒక ఇంజను. ముఖాల్లో నవ్వు లేదు, భయమూ లేదు. పని మధ్యలో ఒక్క నిమిషం ఆగినవాళ్ళ ముఖాలవి. మా గ్యాంగ్ క్వార్టర్లలో ఒక పెట్టె అడుగున ఉన్న ఫొటోలో నాన్న, ఆయన మేట్, మిగతా గ్యాంగ్‌మన్‌లు సరిగ్గా ఇలాగే నిలబడి ఉంటారు, పారల బదులు గడ్డపారలతో.

మార్గం కథ ఇది. బెర్గెన్ నుంచి వోస్ వరకు రైలు 1883లోనే వచ్చింది, పట్టాల మధ్య వెడల్పు తక్కువుండే నేరో గేజి మీద. అప్పట్లో బెర్గెన్ నుంచి రాజధానికి, అంటే నాటి క్రిస్టియానియాకు వెళ్ళాలంటే తీరం చుట్టూ తిరిగి ఓడలో రెండు రోజులకు పైగా పట్టేది. మధ్యలో ఈ కొండలు. 1894లో పార్లమెంటు కొండమీది పనికి అనుమతి ఇచ్చింది. కొండమీద పని చేయగలిగేది వేసవి నెలల్లోనే. చలికాలంలో పని నడిచేది సొరంగాల లోపలే. పని పూర్తయి 1909 నవంబరు 27న రాజు ఏడో హాకోన్ మార్గాన్ని ప్రారంభించారు. రెండు రోజుల దూరం ఒక్క పగటికి దిగింది. వేసినంతమాత్రాన ముగియలేదు. అప్పటినుంచి ప్రతి చలికాలమూ మంచుతో పోరాటమే. అతి కష్టమైన భాగాన్ని తప్పించడానికి ఫిన్సే పక్కనే 10.3 కిలోమీటర్ల సొరంగం తవ్వి 1993లో తెరిచారు. పాత పట్టాలు 1301 మీటర్ల దాకా ఎక్కేవి. ఇప్పుడు ఎత్తైన చోటు సొరంగం లోపల, 1237 మీటర్ల దగ్గర ఉంది. ఫాగెర్‌నుట్ ఇంటి ముందునుంచి ఇక రైళ్ళు వెళ్ళవు.

మధ్యాహ్నం రైలెక్కాం. సొరంగం అయిపోగానే హాలింగ్‌స్కైడ్. స్టేషను మొత్తం కప్పు కింద ఉంది. మంచు మేటలు పట్టాల మీద పడకుండా కట్టిన పొడవాటి షెడ్డు అది. ఆ తర్వాత మిర్డాల్. ఫిన్సే నుంచి అరగంట కూడా పట్టలేదు.

మిర్డాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు మారాం. 867 మీటర్ల ఎత్తు నుంచి సముద్రమట్టానికి 20 కిలోమీటర్లలో దిగిపోతుంది. కొన్నిచోట్ల వాలు పద్దెనిమిదికి ఒకటి. అంటే పద్దెనిమిది మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు కిందికి. పళ్ళచక్రం లేకుండా, మామూలు పట్టాల మీద మామూలు చక్రాలతో. ఇరవై సొరంగాల్లో పద్దెనిమిదింటిని చేతులతోనే తవ్వారు. 1940లో రైళ్ళు నడిచాయి. కొండ లోపలే మెలికలు తిరుగుతూ ఒక సొరంగంలోంచి ఇంకో సొరంగంలోకి వెళ్తుంటే, ఎదురుగా కనిపించిన పట్టాలు మనం దిగి వచ్చినవే అని తెలియడానికి కొంత సమయం పడుతుంది. క్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర అయిదు నిమిషాలు ఆపారు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను వంగి పట్టాలను చూశాను. వంపులో బయటి పట్టా ఎంత ఎత్తి వేశారో, స్లీపర్ల కింద కంకర ఎంత శుభ్రంగా సర్దారో! నాన్న ఉంటే బూటుతో కంకరను ఒకసారి తన్ని చూసి తల ఆడించి ఉండేవారు.

రాత్రి ఫ్లోమ్‌లో బస. రొట్టె మీద బ్రూనోస్ట్ అనే గోధుమరంగు చీజ్ పెట్టారు. పాకం పట్టిన కోవా రుచి. నాకు బాగా నచ్చింది.

నాలుగో రోజు: ఫ్లోమ్ నుంచి బెర్గెన్

ఇక్కడినుంచి చాలామంది పడవలో గుద్‌వాంగెన్‌కు వెళ్తారు. ఆ దారిలోని నైరోయ్ ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, యునెస్కో జాబితాలో ఉన్నది, చూడదగ్గది. అక్కడినుంచి బస్సులో వోస్ చేరి బెర్గెన్ రైలు పట్టుకోవచ్చు. "అత్తా, పడవలో వెళ్దాం, దిగిన కొండనే మళ్ళీ ఎక్కడమెందుకు?" అంది మేనకోడలు. పడవ దారిన వెళ్తే మిర్డాల్‌కూ వోస్‌కూ మధ్య రైలుమార్గం తప్పిపోతుంది. అందులోనే గ్రావ్‌హాల్స్ సొరంగం ఉంది. అది చూడకుండా వెళ్ళడం నావల్ల కాదన్నాను. ఒప్పుకుంది.

మిర్డాల్ స్టేషను దాటగానే గ్రావ్‌హాల్స్ మొదలు. పొడవు 5311 మీటర్లు. 1895లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మొత్తం మార్గంలో మొదట పట్టుకున్న పెద్ద పని ఇదే. ఇది కాకపోతే మిగతాదంతా వృథా. రెండు వైపులనుంచీ తొలుచుకుంటూ వచ్చారు. కిటికీ చీకటి కాగానే గడియారం చూశాను. పట్టాల చప్పుడు గోడలకు కొట్టి రెట్టింపై వినిపిస్తోంది. చేయి ఆనిస్తే కిటికీ అద్దం చల్లగా తగిలింది. ఎదుటి సీటులో పిల్లవాడు ముఖం అద్దానికి ఆనించి గోడలు వెతుకుతున్నాడు. వెలుగు వచ్చేసరికి నాలుగు నిమిషాలు దాటింది. పదకొండేళ్ళ పని, నాలుగు నిమిషాలు.

అవతల ప్రపంచమే వేరు. అటువైపు బండలు, మంచు. ఇటువైపు పచ్చదనం, భూర్జ వృక్షాలు, ప్రతి కొండ అంచునుంచీ నీళ్ళు. యాభై కిలోమీటర్లలో ఎనిమిది వందల మీటర్లు దిగి వోస్ చేరాం. అక్కడినుంచి పట్టాలు ఫ్యోర్డ్ గట్టునే పోతాయి. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క ఉప్పునీరు, సొరంగం తర్వాత సొరంగం. ఆర్నా దాటాక ఆఖరిది, ఉల్రికెన్ కొండ కింద 7.6 కిలోమీటర్లు. 1964లో ఇది తెరవకముందు రైలు ఆ కొండను దక్షిణంగా చుట్టి నగరంలోకి వచ్చేది. ఇది ఇరవై కిలోమీటర్లకు పైగా తగ్గించింది. ఇంతకాలంగా మనుషులు ఈ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని కొంచెం కొంచెంగా కోస్తూనే ఉన్నారు.

రోడ్డు పరిస్థితీ ఇంతే. కారులో వెళ్ళేవాళ్ళకు లార్డాల్ దగ్గర 24.5 కిలోమీటర్ల సొరంగం ఉంది. 2000లో తెరిచారు, ప్రపంచంలో అంతకన్నా పొడవైన రోడ్డు సొరంగం లేదు. అయినా ఓస్లో నుంచి బెర్గెన్‌కు కారులో కూడా ఏడు గంటలు పడుతుంది.

బెర్గెన్ స్టేషను 1913 నాటి రాతి భవనం. మేము దిగేసరికి వాన. ఈ ఊరి వాన గురించి ముందే విని గొడుగులు తెచ్చుకున్నాం.

అయిదో రోజు: బెర్గెన్, తిరుగు ప్రయాణం

పొద్దున బ్రిగెన్ రేవులో నడిచాం. హన్సా అనే పాత జర్మన్ వర్తక కూటమి వారి చెక్క గిడ్డంగులు, ఒకదానికొకటి ఆనుకుని, వాలి, ఎండుచేప వాసన ఊహల్లో మిగిల్చి. 1979 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. తర్వాత ఫ్లోయెన్ కొండ ఎక్కే రైలు, 1918 నాటిది. 320 మీటర్ల ఎత్తునుంచి చూస్తే ఊరంతా నీళ్ళకూ కొండలకూ మధ్య ఇరుక్కున్నట్టు ఉంది. బెర్గెన్‌వాళ్ళ ముఖం ఎందుకు సముద్రం వైపే ఉండేదో, ఆ కొండల మీదుగా ఒక రైలు కోసం ఎందుకు అంతగా పట్టుబట్టారో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది. దిగి వచ్చాక దాల్చినచెక్క పరిమళించే స్కిల్లింగ్స్‌బొల్లె అనే తీపి బన్ను తిన్నాం.

మధ్యాహ్నం విమానాశ్రయానికి ట్రాము, నలభై అయిదు నిమిషాలు. గంటన్నర ముందే చేరాం. భద్రతా తనిఖీ, నిరీక్షణ. అవతల దిగాక సామాను కోసం నిలబడడం, మళ్ళీ ఓస్లోకు ఇరవై నిమిషాల రైలు. మేనకోడలు తన ఫోనులో కూడి చూపించింది. గుమ్మం నుంచి గుమ్మానికి దాదాపు నాలుగు గంటలు. యాభై నిమిషాలన్నది గాలిలో ఉన్న సమయం మాత్రమే.

ఎడమవైపు కిటికీ సీటు అడిగి తీసుకున్నాను. లేచిన కాసేపటికి వాన మబ్బు కింద ఉండిపోయింది. పైన ఎండ. ఇంకాసేపటికి మబ్బు చీలిన చోట తెల్లగా, గుండ్రంగా ఏదో మెరిసింది. హార్డాంగర్‌యోకులెన్. దాని ఉత్తరపు అంచున సరస్సు ఉండాలి, సరస్సు పక్కన పట్టాలు ఉండాలి, పట్టాలకు పైన ఎక్కడో ఫాగెర్‌నుట్‌లో ఆ కాపలాదారుడి ఇల్లు.

"కనిపించిందా అత్తా?" అని మేనకోడలు నా మీదుగా వంగింది.

సన్నటి గీతలాంటిదేదో కనిపించింది. పట్టాలో, కూలీల బాటో తేల్చుకునేలోగా మబ్బు కమ్మేసింది.